మిషనక్క సాక్ష్యం

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్న దగ్గర్నుంచీ మిషనక్క కుడికాలు ఊరుకోవడం లేదు. పాదం ముందుకు వంగుతోంది, మడమ లేస్తోంది, మళ్ళీ పాదం వంగుతోంది, కింద ఉన్నది బండరాయి కాదు పెడల్ అన్నట్టు. పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరో ఆ కాలి వంక చూసీ చూసీ కాస్త అవతలికి జరిగాడు. జరిగితే జరగనీ. జన్మంతా కుట్టుమిషన్ తొక్కిన కాలు, ఇది కోర్టో కొట్టో దానికేం తెలుసు. వీధి వీధంతా ఆవిణ్ణి మిషనక్క అనే పిలుస్తుంది, సొంత పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. ఇందాక బంట్రోతు వచ్చి సాక్షి ఎవరని అడిగితే ఆవిడా నోరు జారి అదే చెప్పబోయింది. లోపల చెప్పాల్సినవి రెండే రెండు ముక్కలు. తమ్ముడి తరఫు లాయరు పొద్దున్నే కొట్టుకొచ్చి, గుడ్డపీలికలు పక్కకి నెట్టి స్టూలు మీద కూర్చుని, బళ్ళో పిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు. నేను మిషన్ తొక్కుకుంటున్నాను. నాకేమీ వినపడలేదు. "అబద్ధం చెప్పమనడం లేదమ్మా, ఉన్నమాటే చెప్పమంటున్నాను," అన్నాడు లేస్తూ. ఉన్నమాటే. తొక్కుతూనే ఉంది కదా, ఎవరు కాదంటారు. ఆ ఉన్నమాట చెప్పడానికే బయల్దేరింది, బయల్దేరబోతుంటే జాకెట్టు చేతి అంచు ఊడింది, కుట్టుకుందామంటే సూదికి దారం ఎక్కలేదు. వీధిలో అందరి బట్టలూ కుట్టే మనిషి తన చేతికి పిన్నీసు పెట్టుకుని కోర్టుకొచ్చింది. ఆ పిన్నీసు కనపడకుండా ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఎదురుగా, మంచినీళ్ళ కుళాయి పక్కన గోడకి ఆనుకుని మరదలు నిలబడి ఉంది. బల్ల మీద చోటుంది, కానీ ఆ బల్ల మీద మిషనక్క ఉంది. ఆ పిల్ల ఇటు చూడదు. చూడదని తెలిసీ ఈవిడ చూస్తూనే ఉంది. ఎడమ కనుబొమ మధ్యలో సన్నటి గీత, అక్కడ మళ్ళీ వెంట్రుక మొలవలేదు. ఇప్పుడేదో చట్టం ఉందట. ఇల్లు ఎవరి పేరున ఉంటేనేం, కాపురం చేసిన ఇంట్లోంచి ఆడమనిషిని గెంటెయ్యడానికి వీల్లేదట, కొట్టినవాడే బయటికి నడవాలట, గేటు దగ్గరికొస్తే పోలీసులు పట్టుకుపోతారట. అట, అట అనుకోవడమే గానీ ఆ ఉత్తర్వు మిషనక్క కళ్ళారా చూసింది. దాని పుణ్యమా అని మరదలూ పాపా మేడ మీదే ఉంటున్నారు, తమ్ముడు ఫ్యాక్టరీ దగ్గర ఎవరో స్నేహితుడి గదిలో తలదాచుకుంటున్నాడు. కాకపోతే అది తాత్కాలికం. అవతలివాళ్ళ మాట కూడా విని, ఆ ఉత్తర్వు ఉంచడమో తీసెయ్యడమో జడ్జిగారు ఇవాళ తేలుస్తారు. తీసేస్తే సాయంత్రానికల్లా వాడు మెట్లెక్కుతాడు. ఎక్కాక ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మరదలి చేతిలో ఉన్న సాక్ష్యం ఆ పిల్ల నోటిమాట ఒక్కటే. పక్కింటి మాస్టారు కిందటిసారే బోనెక్కి, మాకు మిషన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదండీ అని చెప్పేసి చేతులు దులుపుకున్నాడు. ఎదురింటావిడదీ అదే మాట. డాక్టరు చీటీలో మెట్ల మీద జారిపడినట్టు రాసుంది. ఇక మిగిలింది మేడ కింద కొట్టు మనిషి, తనే.

ఆవిడవి పాముచెవులు. మందగించినవి కళ్ళే. దగ్గరి చూపు పోయి చాలాకాలమైంది, సూది బెజ్జం ఎక్కడుందో వేలితో తడుముకోవాల్సిందే. మరదలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. కాపురానికొచ్చిన కొత్తల్లోనే వదిన్ని బలవంతాన లాక్కెళ్ళి, పరీక్ష చేయించి, తన జీతంలోంచి అద్దాలు చేయించి ఇచ్చింది. అవి ఇప్పటికీ మిషన్ సొరుగులో, విరిగిన సూదుల డబ్బా పక్కన, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పెట్టుకుంటే తల తిరుగుతోందని చెప్పింది మిషనక్క. తలా తిరగలేదు, గిలా తిరగలేదు. అద్దాలుంటే దారం తనే ఎక్కించుకోగలదు. ఎక్కించుకుంటే పొద్దున్నే ఆ పిల్ల కిందికి రాదు. పనికి వెళ్ళేముందు తడిజుట్టుతో దిగొచ్చి, "ఇవాళ ఏ రంగు వదినా?" అని అడిగి, మిషన్ సూదికి ఎక్కించి, కాజాలకీ గుండీలకీ చేతిసూదులు కొన్ని ఎక్కించి సూదుల దిండుకి గుచ్చి, ఆ కాస్సేపట్లోనే షాపులో ఎవరేమన్నారో, పాప బళ్ళో ఏం చేసిందో అన్నీ చెప్పేసి వెళ్ళేది. పెళ్ళీ పెటాకులూ లేకుండా తమ్ముణ్ణి పెంచుకుంటూ ఉండిపోయిన మనిషికి, పొద్దున్నే ఒకరొచ్చి ఇవాళ ఏ రంగు అని అడగడం తక్కువ సంగతా. తమ్ముణ్ణి బయటికి పంపేశాక కూడా ఆ పిల్ల దిగిరావడం మానలేదు. మాటలు తగ్గాయి, అంతే. మొన్న, తమ్ముడి తరఫు సాక్షి వదినేనని ఆ పిల్లకి తెలిసింది. ఆ మర్నాడు మెట్ల మీద అడుగులు వినపడ్డాయి, కొట్టు గుమ్మం దాకా వచ్చాయి, ఆగలేదు, గేటు దాటి వెళ్ళిపోయాయి. మిషనక్క సొరుగు తీసి అద్దాల వంక చూసి, మళ్ళీ మూసేసింది.

వరండా చివర ఎవరో ఆడమనిషి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఏడుపు అలా నొక్కిపెట్టుకోవడం అమ్మకి బాగా వచ్చు. నొక్కినా కొంత బయటికొచ్చేది, ఆ గదికీ ఈ గదికీ మధ్య చెక్క అడ్డమే కదా. ఈ మిషన్ అప్పట్లో అమ్మది. నాన్న చెయ్యి పెద్దది, ఆ చెయ్యి లేచిన చప్పుడికి తమ్ముడు నిద్రలో ఉలిక్కిపడి "అక్కా" అనేవాడు. అప్పటికి ఈవిడ రెండు జడల పిల్ల, కూర్చుంటే పెడల్ అందదు, నిలబడి తొక్కేది. వాణ్ణి లాగి మిషన్ కింద, ఇనప కాళ్ళ మధ్య పడుకోబెట్టి, బండి వెళుతోందిరా, మనం బండెక్కాం, పడుకో, పడుకో అంటూ తొక్కేది. టకటకటకా అంటూ బండి ఎక్కడికీ వెళ్ళకుండా వెళ్ళేది, వాడు పెడల్ పక్కన ఇనప కాలు పట్టుకుని నిద్రపోయేవాడు. ఒకసారి అమ్మ వచ్చి నిలబడింది, పెదవి చిట్లి ఉంది. తల మీద చెయ్యి వేసి, "మంచి పని చేశావే, వాడు వినలేదు," అంది. అమ్మ మెచ్చుకున్న మాట అదొక్కటే గుర్తు. ఇన్నాళ్ళూ దాన్ని భద్రంగా దాచుకుంది, ఎవరైనా నువ్వు జీవితంలో ఏం చేశావని అడిగితే తీసి చూపించడానికి. వాడు వినలేదు. వినుంటే బావుండేదా. అమ్మ ఏడుపు చెవినపడుంటే వాడి చెయ్యి లేచేది కాదా. ఏమో. విన్న తనేం ఒరగబెట్టింది కనక. అమ్మ కాలంలో ఇలాంటి చట్టం ఉందో లేదో కూడా తెలియదు, ఉన్నా అమ్మకెవరు చెప్పారు, అమ్మ ఎక్కడికెళ్ళి ఎవర్నడగాలి. కూర్చుని ఎదురుచూడ్డానికి అమ్మకి ఇలాంటి వరండా ఒకటుండుంటే చాలేదని ఇప్పుడనిపిస్తోంది. ఉంటే తను వెంట వచ్చేది. తప్పకుండా వచ్చేది. వచ్చేదేనా, ఇప్పుడు ఎవరి వెంట వచ్చిందని.

మేడ మీద మొదటిసారి కుర్చీ పడిన చప్పుడైనప్పుడు ఆవిడ బడిపిల్లాడి యూనిఫాం ప్యాంటుకి జేబు కుడుతోంది. కుర్చీ, తర్వాత గోడ, తర్వాత ఆ పిల్ల గొంతు, వద్దు అని. లేవాలి, మెట్లెక్కాలి, తలుపు బాదాలి, వాడి చెయ్యి పట్టుకోవాలి, మనసు ఇవన్నీ చేసేసింది. కాలు మాత్రం తనకొచ్చిన పనే చేసింది. జేబు కుట్టు జేబు దాటి ప్యాంటు కాలి పొడుగునా పోయింది. మర్నాడు కూర్చుని ఆ కుట్టంతా విప్పింది. ఇంటిగుట్టు వీధిన పడకూడదు, వాడికి ఉద్యోగం ఉంది, ఈ పిల్ల మాత్రం రేపు నలుగురిలో తలెత్తుకు తిరగొద్దూ, కోపం వస్తే మనిషి కాడు గానీ లేకపోతే వాడంత మంచివాడు ఎవడు, ఇలా ఏదో ఒకటి చెప్పి మనసుని సర్దుకుంది. సర్దడం ఆవిడ వృత్తే. బిగుతైతే వదులు చేస్తుంది, వదులైతే బిగిస్తుంది, పనికిరాదన్నది లేదు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. పైన గొంతు లేస్తే కింద మిషన్ లేచేది. పక్కింటి మాస్టారు గోడ మీంచి తొంగి చూసి, "ఏం మిషనక్కా, సాయంత్రమైతే చాలు తెగ కుట్టేస్తున్నావు, ఆర్డర్లు ఎక్కువయ్యాయా?" అనేవాడు. "సీజన్ కదా మాస్టారూ," అనేది. ఆయనకి తెలుసని ఈవిడకి తెలుసు. తెలిసిన ఇద్దరూ ఒక నవ్వు నవ్వుకుని ఎవరి తలుపు వాళ్ళు వేసుకునేవాళ్ళు.

కనుబొమ చిట్లిన సాయంత్రం సూదిలో దారం లేదు. మధ్యాహ్నమే తెగిపోయింది, ఎక్కించే పిల్ల ఇంకా పనినుంచి రాలేదు. వచ్చింది, నేరుగా మేడ మీదికెళ్ళింది, ఎందుకాలస్యమైందని మొదలైంది. ఉత్త సూది, కింద గుడ్డ కూడా లేదు, ఆవిడ తొక్కింది. ఊపిరందనంత గట్టిగా తొక్కింది. ఖాళీ మిషన్ చప్పుడు వేరు, గుడ్డ మీద నడిచేటప్పుడుండే బరువు అందులో ఉండదు, వీధికి ఆ తేడా తెలియదు. ఆస్పత్రిలో డాక్టరు ఏమైందమ్మా అనడిగితే ఆ పిల్ల నోరు తెరిచేలోపే, మెట్ల మీద జారింది అని ఈవిడే చెప్పింది. అంత చురుగ్గా ఎప్పుడూ ఏ మాటా చెప్పలేదు. తెరిచిన నోరు ఆ పిల్ల అలాగే మూసేసుకుంది. మర్నాడు కట్టుతోనే దిగొచ్చి, మిషన్ ముందు వంగి, సూదిని చూసింది.

"నిన్న దారం లేకుండానే తొక్కారు కదా వదినా."

"నూనె వేశానమ్మాయ్. బిగుసుకుపోయింది, కాస్త ఆడాలని తిప్పాను."

ఆ పిల్ల ఇవాళ ఏ రంగు అని కూడా అడగలేదు. డబ్బాలోంచి చేతికందిన రీలు తీసి, దారం కొన తడిచేసి, ఎక్కించడానికి చూసింది. వేళ్ళు వాచి ఉన్నాయి, కొన పక్కకి పోతోంది, మళ్ళీ తడిచేసింది, మళ్ళీ పోయింది. సొరుగులో అద్దాలున్నాయి, తీసి పెట్టుకుని ఇలా ఇవ్వమ్మా అంటే అయిపోయేది. మిషనక్క ఊరికే నిలబడి చూసింది. ఎట్టకేలకి ఎక్కింది, ఆ పిల్ల వెళ్ళింది. తిట్టినా బావుండేది. తిడితే ఈవిడా ఏదో ఒకటి అనేది, దెబ్బలాడుకునేవాళ్ళు, ఆ దెబ్బలాటలో నిజం బయటపడేదేమో. అంత వాచిన వేళ్ళతో దారం ఎక్కించి వెళ్ళిందే, దానికేం జవాబు చెప్తుంది.

"అక్కా, టీ." తమ్ముడు కాగితం కప్పు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. వరండా ఆ చివర్నించి వచ్చాడు, మరదలున్న వైపు రాకూడదని లాయరు చెప్పినట్టున్నాడు, ఇవతలి గోడ వెంబడే నడిచొచ్చాడు. చొక్కా కాలరు నలిగి ఉంది, ఆ చొక్కా తను కుట్టిందే, ఇస్త్రీ చేసేవాళ్ళు లేరు. మనిషి చిక్కిపోయాడు. జాలేసింది, వెయ్యకుండా ఎలా ఉంటుంది, చేతుల మీద పెరిగినవాడు. "చక్కెర తక్కువ వెయ్యమన్నాను, నీకు పడదుగా," అన్నాడు. గుర్తుపెట్టుకుంటాడు. మొదటి జీతంతో మోటారు మిషన్ కొంటానని గొడవ చేసింది కూడా వీడే, కాళ్ళు నొప్పులు పుడతాయక్కా అని. తనే వద్దంది, మోటారుకి చప్పుడు చాలదు అనుకుందా అప్పుడే, ఛ, అప్పటికింకా పెళ్ళే కాలేదు. "నువ్వు తప్ప నాకెవరున్నారక్కా," అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి దొంగ నీళ్ళు కావు. కొట్టిన ప్రతిసారీ కిందికొచ్చి కొట్లో స్టూలు మీద కూర్చుని ఇలాగే ఏడ్చేవాడు, ఇంకెప్పుడూ చెయ్యనక్కా అని. ఈవిడ తల నిమిరేది. తల నిమరడం కిందా, కట్టు కట్టడం పైనా, ఇంటెడు చాకిరీ ఆవిడదే. "ఆ రెండు ముక్కలే చెప్పక్కా, ఇంకేమడిగినా తెలీదను," అని వెళ్ళిపోయాడు. టీ చల్లారిపోతోంది. మరదలు కుళాయి తిప్పి దోసిలి పట్టి నీళ్ళు తాగుతోంది. ఆ పిల్లకి టీ ఇచ్చే దిక్కు లేదు.

పాప లేకపోతే ఇదంతా ఇలాగే సాగిపోయేది. మరదలు కోర్టుకి రావడానికి కొద్దిరోజుల ముందు, ఆ చివరి సాయంత్రం, పైన ఇంకా ఏమీ మొదలవలేదు, తలుపు గట్టిగా వేసిన చప్పుడు మాత్రమే అయింది. పాప మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. బొమ్మ ఒకటి చంకలో ఉంది. ఏడవలేదు, ఏమీ చెప్పలేదు, వంగి మిషన్ కిందికి దూరి ఇనప కాళ్ళ మధ్య ముడుచుకుని కూర్చుంది, ఇదివరకు ఎన్నిసార్లు కూర్చుందో, తను ఎందుకు చూడలేదో. కూర్చుని ఇనప కాలు పట్టుకుని, పైకి చూసి అంది. "తొక్కు అత్తా. గట్టిగా తొక్కు."

ఎవరు నేర్పారు దానికి. ఎవరూ నేర్పలేదు, ఇంట్లో జరిగేదే నేర్చుకుంది. మిషనక్క కాలు పెడల్ మీదే ఉంది. పాప మళ్ళీ అడిగింది, ఈసారి బొమ్మ చెవులు రెండు చేతుల్తో మూసి అడిగింది. ఆ సాయంత్రం ఆవిడ తొక్కిందా లేదా అని అడిగితే, తొక్కింది. తొక్కకపోతే ఆ పసిదానికి పైన చప్పుడంతా వినపడదూ. తొక్కితే దాని అమ్మ గొంతు ఎవరికీ వినపడదు. ఏం చెయ్యాలో తెలియక తెలిసిన పనే చేసింది, దారం ఉందో లేదో కూడా చూసుకోలేదు, తొక్కుతూ ఏడ్చింది. బండి వెళుతోందా అత్తా అనడిగింది పాప. బండి అని తను ఎప్పుడూ చెప్పలేదే దానికి. వాళ్ళ నాన్న చెప్పుంటాడు, ఎప్పుడో ముద్దు చేస్తూ, చిన్నప్పుడు నన్ను మీ అత్త ఇలా పడుకోబెట్టేది అని. వాడికి ఆ బండి గుర్తుంది. బండి ఎందుకు వెళ్ళేదో వాడికి ఇవాళ్టికీ తెలియదు.

తెలియకుండా పెంచింది తనే. తెలియదు, వినపడలేదు, ఏమీ లేదు పడుకో అని పెంచింది. ఇప్పుడీ పిల్లకీ అదే జోల. ఇంకొన్నేళ్ళకి ఇదీ పెద్దదై ఏదో మేడ మీద కాపురం చేస్తుంది, కింద ఎవరో ఒకరు ఏదో ఒకటి చప్పుడు చేస్తూ కూర్చుంటారు. నిజానికి ఇప్పుడైనా ఏం మించిపోయింది అని ఒక ఆలోచన, మించిపోయింది, చాలా మించిపోయింది అని ఇంకో ఆలోచన. ఆ కనుబొమ మీద వెంట్రుక ఇక మొలవదు. ఈవిడ ఇప్పుడు లోపలికెళ్ళి ఏం చెప్పినా ఆ పిల్ల పొద్దున్నే తడిజుట్టుతో దిగొచ్చి ఇవాళ ఏ రంగు అని అడగదు. నిజం చెబితే తమ్ముడు పోతాడు, చెప్పకపోతే ఆ పిల్ల ప్రాణం పోతుందేమో.

బంట్రోతు తలుపు తీసి పిలిచాడు. సొంత పేరు వినగానే ఎవర్నో అనుకుంది. లేచింది. టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల మీదే వదిలేసింది.

లోపల అనుకున్నంత పెద్ద గది కాదు. ఫ్యాను తిరుగుతోంది, ఎత్తు బల్ల వెనక జడ్జిగారు, ఆడమనిషే, తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. పక్కన ఒకతను టైపు చేస్తున్నాడు. ఒక వైపు తమ్ముడు, ఇంకో వైపు మరదలు. అబద్ధం చెప్పనని చెప్పించారు, చెప్పింది. లాయరు కోటు సర్దుకుని లేచి, ఫలానా సాయంత్రం మీరేం చేస్తున్నారమ్మా అనడిగాడు. కనుబొమ చిట్లిన సాయంత్రమే అది.

"మిషన్ తొక్కుతున్నాను."

"అందువల్ల పైనుంచి మీకేమీ వినపడలేదు. అంతేనా అమ్మా?"

అంతేనంటే అయిపోతుంది. బోను కర్ర పట్టుకుంటే పిన్నీసు బయటపడింది, ఇందాకట్నుంచీ దాచిన పిన్నీసు. మరదలు ఇప్పుడు చూసింది, ముఖం వంక కాదు, ఆ పిన్నీసు వంక. పనితనం తెలిసిన పిల్ల, అంచు ఊడిందని గ్రహించి ఉంటుంది, ఎందుకు కుట్టుకోలేదో కూడా.

"సూదికి దారం లేదు బాబూ," అంది మిషనక్క.

"అది కాదమ్మా నేనడిగింది..."

"నాకు చూపానదు. నాకు దారం ఎక్కించేది ఆ పిల్లే. అది పైన దెబ్బలు తింటోంది. నేను కింద ఉత్త మిషన్ తొక్కాను. గుడ్డ లేదు, దారం లేదు."

జడ్జిగారు తలెత్తింది. "మరెందుకు తొక్కారు?"

"వీధికి వినపడకూడదనమ్మా."

"మీకు?"

"వినపడిందమ్మా. ఆ రోజూ వినపడింది, ప్రతిసారీ వినపడింది. మెట్ల మీద జారిందని డాక్టరుకి చెప్పింది కూడా నేనే. అది జారలేదు."

టైపు చేసేవాడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు, టకటకటకా. మరదలు తల వంచుకుంది, భుజాలు కదులుతున్నాయి, ఏడుపు పైకి రాకుండా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తియ్యమ్మా ఆ చెయ్యి అనాలనిపించింది మిషనక్కకి, అనే హక్కు లేదు.

"అక్కా," అన్నాడు తమ్ముడు. కోపంగా కాదు. నిద్రలో ఉలిక్కిపడి లేచినప్పుడు పిలిచేవాడే, అచ్చం ఆ పిలుపు. ఆవిడ కుడికాలు బోనులో దానంతటదే ముందుకు వంగింది. ఎడమకాలు ఎత్తి ఆ పాదం మీద వేసి, నొప్పిపుట్టేలా అదిమి, అలాగే నిలబడింది.